ఆగాతమ్మ చేసిన టార్టు

అన్యాయం జరిగింది ఆగాతమ్మకి. జరిగిన రోజు 2009 జూన్ 29, సోమవారం, పేతురు పౌలుల పండుగ. జరిగిన చోటు కొండకింద కాన్వెంటు భోజనాల గది. చేసింది జసింత అనే నోవీసు, అంటే ఇంకా కన్యస్త్రీ కాని, కాబోతున్న పిల్ల. దొంగచాటుగా చెయ్యలేదు. అందరి ముందూ, తల వంచుకుని, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా చేసింది. అందుకే తను చేసింది అన్యాయమని తెలుసుకోవడానికి ఆ పిల్లకి దాదాపు నెల పట్టింది.

ఆగాతమ్మ అక్కడ ఇరవై ఏడేళ్లుగా వంటమనిషి. పద్నాలుగుమంది సిస్టర్లు, నలుగురు నోవీసులు, మూడు పూటలా ఆమె చేతి తిండే. పండుగకి బిషప్పుగారు వస్తారు, ఆయన వచ్చిన రోజు కేకు ఉండాలి. అది ఆనవాయితీ. ఆ ఏడు ఈస్టరుకే ఓవెన్ చచ్చి ఊరుకుంది. బాగుచేసే ఆయన వచ్చాడు, దాని చుట్టూ ఒకసారి తిరిగాడు, చావింటికి వచ్చినవాడిలా తలాడించి వెళ్లిపోయాడు.

"ఓవెన్ లేకుండా ఏదైనా తీపి చెయ్యి ఆగాతా," అంది మదర్ స్కొలాస్తిక. ఆవిడ నోవీసులకి గురువు. డెబ్బై ఒక్కేళ్లు. ఎడమ మోకాలు సరిగ్గా పనిచెయ్యదు. నాలుకకి మాత్రం ఏ జబ్బూ లేదు.

"ఓవెన్ లేకుండా ఎట్టా మదరమ్మా? డాబా మీద ఎండలో పెట్టనా?"

"పెట్టు. నీ ఇష్టం. బిషప్పుగారి ముందు మాత్రం ఏదో ఒకటి పెట్టు."

ఆగాతమ్మ మూడు రోజులు ఆలోచించింది. మేరీ బిస్కట్లు రోట్లో మెత్తగా దంచింది. కరిగించిన వెన్న పోసి కలిపి, అంచున్న పళ్ళెంలో గ్లాసు అడుగుతో అదిమి, ఫ్రిజ్‌లో పెట్టింది. పంచదారని నీళ్ళు లేకుండా కరిగించి, మాడబోయే ముందు దించి, గేదెపాల మీగడ, వెన్న, రవ్వంత ఉప్పు వేసి పాకం తీసింది. మొదటిసారి మాడింది. రెండోసారి రాయయింది. మూడోసారి కుదిరింది. దాన్ని బిస్కట్ల మీద పోసి, మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు బిషప్పుగారు భోజనానికి కూర్చున్నాక అప్పుడు బంగినపల్లి మామిడిపళ్ళు కోసింది. ఆ ఏటికి అవే ఆఖరు కాయలు. ముక్కల మీది తడిని పొడిగుడ్డతో అద్ది, ఒకదాని మీద ఒకటి వాలేట్టు గుండ్రంగా పేర్చింది.

అలాంటిదాన్ని కారమెల్ టార్టు అంటారని, లెక్కలు చెప్పే సిస్టర్ బెనెదిక్త తర్వాత చెబితే తెలిసింది. ఆగాతమ్మ మాత్రం మాడుపాకం అనేది. పేరు ఏదైతేనేం, అది ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు.

అతిథులు ఉన్నప్పుడు వంటమనిషి భోజనాల గదిలోకి రాకూడదు. అదీ ఆనవాయితీయే. వడ్డన నోవీసులది. ఆ రోజు వంతు జసింతది.

జసింతకి ఇరవై రెండేళ్లు. ఊళ్ళో ప్రార్థనలు నడిపించే ఉపదేశిగారి కూతురు. కొందరికి చిన్నప్పటినుంచి గోళ్ళు కొరికే అలవాటు ఉన్నట్టు ఈ పిల్లకి వినయం అలవాటు. నడిస్తే గోడ పక్కనే నడిచేది. ఎవరైనా ఎదురొస్తే గోడలోకి వెళ్లిపోయేలా ఒదిగేది. మంచినీళ్ళు కావాలా అని అడిగితే, "మీకు కష్టమైతే వద్దు సిస్టర్," అనేది. కుండ పక్కనే ఉండేది.

బిషప్పుగారికి చక్కెర జబ్బు. అయినా రెండు ముక్కలు తిన్నారు. మూడోదాని వైపు చూస్తూ, "ఎవరి చేతి పనమ్మా ఇది? నీదేనా?" అని అడిగారు.

ఆ కాన్వెంటులో ఒక పద్ధతి ఉంది. ఏ పనికీ పేరు పెట్టరు. పీఠం మీద పరిచే గుడ్డ ఎవరు కుట్టారో, పాట ఎవరు కట్టారో చెప్పరు. ఎవరైనా మెచ్చుకుంటే, "దేవుని మహిమ," అనాలి. అంతటితో ఆపాలి. స్కొలాస్తిక ముప్పై ఏళ్లుగా నోవీసులకి నేర్పుతున్న మొదటి పాఠం అదే.

జసింత తల వంచింది. "నాదేముంది బిషప్పుగారూ. అంతా దేవుని మహిమ," అంది.

"చూశారా!" అన్నారు బిషప్పుగారు గదిలో ఉన్న ఇరవైమందిని చూస్తూ. "ఈ వయసులో ఎంత వినయం!" ఆ తల మీద చెయ్యి పెట్టి దీవించారు. జేబులోంచి రోమునుంచి తెచ్చిన జపమాల తీసి చేతిలో పెట్టారు. జసింత అది కూడా తల వంచుకునే తీసుకుంది.

తలుపు వెనక ఆగాతమ్మ నిలబడి ఉంది. ఆమె చేతిలో ఇంకో పళ్ళెం మామిడి ముక్కలున్నాయి, అప్పుడే కోసినవి. అంతా వింది. పళ్ళెం గట్టు మీద పెట్టింది, కత్తి కడిగింది, ఇంటికి వెళ్లిపోయింది.

ఆ మామిడి ముక్కల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. సాయంత్రానికి చీమలు తిన్నాయి.

ఆగాతమ్మ ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. మర్నాడు వేళకి వచ్చింది. అన్నం వండింది, పప్పు వండింది, కూర వండింది. అంతే. అడక్కుండా చేసే రోటిపచ్చళ్ళు ఆగిపోయాయి. ఆదివారం పాయసం ఆగిపోయింది. మోకాలి నొప్పి ఉన్నవాళ్ళకి పెట్టే మెంతికూర పులుసు ఆగిపోయింది. తప్పు పట్టడానికి ఏమీ లేదు, తినడానికీ ఏమీ లేదు.

మోకాలి నొప్పి ఉన్నావిడకి సంగతి అర్థమైంది.

ఆ వారంలోనే జసింత అర్జీ పట్టుకుని వచ్చింది. సెప్టెంబరు 8న మరియమ్మ పుట్టినరోజు పండుగ. ఆ రోజు నలుగురు నోవీసులూ కన్యస్త్రీలుగా మొదటి మాటపట్టు, అంటే వ్రతాల ప్రమాణం, తీసుకోవాలి. అర్జీ మీద గురువు సంతకం పడి, జూలై 31 లోపల పెద్ద మఠానికి చేరాలి. చేరకపోతే ఆ పండుగకి మాటపట్టు లేదు. జసింత ఐదేళ్లుగా ఎదురుచూస్తున్న రోజు అది. మిగతా ముగ్గురికీ స్కొలాస్తిక అప్పటికే సంతకం చేసింది.

"మదర్, మీకు వీలైతేనే. నా అర్జీ."

"ఆ టార్టు చేసిందెవరు?"

"ఆగాతమ్మ."

"బిషప్పుగారు నీదేనా అని అడిగితే ఏమన్నావు?"

"దేవుని మహిమ అన్నాను."

"ఆయన అడిగింది దేవుడి గురించి కాదు."

"నాదేముంది అని కూడా అన్నాను మదర్. నేను చేశానని నోటితో అనలేదు."

"చెయ్యలేదనీ అనలేదు."

జసింత ఇంకాస్త ఒదిగింది. "ఈ ఇంట్లో పనికి పేరు పెట్టకూడదని మీరే నేర్పారు మదర్. మెచ్చుకోలు మన దగ్గర ఆపుకోకూడదు, పైకి పంపెయ్యాలి అన్నారు. పంపేశాను."

ముప్పై ఏళ్లుగా స్కొలాస్తిక చెప్పిన పాఠం ఎదురుగా వచ్చి నిలబడి, అక్షరం పొల్లుపోకుండా తనకే అప్పజెబుతోంది.

"ఆ తల ఒకసారి ఎత్తు," అంది.

"ఎత్తాను మదర్."

"మళ్ళీ దించావు."

"క్షమించండి మదర్."

"వచ్చే శనివారం ఆ టార్టు నువ్వు చెయ్యి. సంతకం సంగతి తర్వాత."

"మీ చిత్తం మదర్."

"నా చిత్తంతో కుదరదు. పంచదార కావాలి. కొట్టుగది తాళం తీసుకెళ్ళు."

జూలై 4, శనివారం. జసింత ఎలా చెయ్యాలో ఆగాతమ్మని అడగలేదు. అడిగితే ఆమెకి పని పెంచినట్టవుతుందట. పొయ్యి మీద గిన్నె పెట్టి, పంచదార పోసి, అది కరిగేదాకా గరిటెతో ఎడతెగకుండా తిప్పింది. జపం చేస్తూ తిప్పింది. పది అడుగుల దూరంలో ఆగాతమ్మ బీరకాయలు చెక్కు తీస్తోంది. గరిటె తిరిగినప్పుడల్లా ఆమె చేతిలో కత్తి ఆగేది. నోరు మాత్రం తెరవలేదు.

పంచదార ఇసకయింది. ఆ ఇసకే బిస్కట్ల మీద పడి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉండి, ఆదివారం మధ్యాహ్నం బల్ల మీదికి వచ్చింది. సిస్టర్ బెనెదిక్తవి కట్టుడు పళ్ళు. ఆవిడ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, కాసేపు ఆలోచించి, పళ్ళు తీసి చేతిలో పెట్టుకుని చూసుకుంది.

జసింత గభాల్న బల్ల పక్కన మోకరిల్లింది. "నన్ను క్షమించండి. నేను పాపాత్మురాలిని. ఏ మంచి పనికీ యోగ్యురాలిని కాదు." కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. బాగానే వచ్చాయి.

"నీ పాపాల సంగతి ఎవరూ అడగలేదు," అంది స్కొలాస్తిక. "పంచదార ఎందుకు ఇసకయిందో చెప్పు."

"నా గర్వం వల్ల మదర్."

"గరిటె వల్ల! వచ్చే శనివారం మళ్ళీ చెయ్యి. లే. ఇప్పుడే తుడిచిన నేల."

జూలై 11. ఈసారి గరిటె ముట్టుకోలేదు. మంటా తగ్గించలేదు. పంచదార తేనె రంగుకి వచ్చింది, తాటిబెల్లం రంగుకి వచ్చింది, అది కూడా దాటి బొగ్గు రంగుకి పోతుంటే జసింత కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తోంది. వంటిల్లంతా పొగ. ఆగాతమ్మ కిటికీ తెరిచి తన పనిలో పడిపోయింది.

బల్ల దగ్గర అందరూ ఒక్కో ముద్ద తిని చెంచాలు కింద పెట్టారు. జసింత మాత్రం పెద్ద ముక్క వేసుకుని, చుక్క నీళ్ళు తాగకుండా చివరిదాకా తింది. ఆ చేదు దేవుడికి సమర్పిస్తున్నానంది.

"ఆయనేం పాపం చేశాడు?" అంది స్కొలాస్తిక. చేతులు రెండూ బల్ల మీద ఆనించి, పైకి లేవడానికి కూడా ఓపిక లేనట్టు కూర్చుంది. "పిల్లా, పద్దెనిమిదిమంది తీపి తిందామని కూర్చున్నారు. నువ్వేమో వాళ్ళ తీపిలో నీ తపస్సు పెట్టావు."

ఆ సాయంత్రం జసింత వంటింట్లోకి వెళ్ళింది. బిషప్పుగారు ఇచ్చిన జపమాల రెండు చేతులతో పట్టుకుని ఆగాతమ్మ ముందు నిలబడింది.

"ఆగాతమ్మా, ఇది నువ్వు తీసుకో. నీకే చెందాలి అనిపిస్తోంది."

ఆగాతమ్మ దానివైపు చూసింది. "నాకు మూడున్నయ్యి. ఇంట్లో మేకుకి ఏలాడతన్నయ్యి."

"ఇది రోము నుంచి వచ్చింది."

"అయితే దీనికి ఇంకో మేకు కావాల."

"మరి నీకేం కావాలో చెప్పు ఆగాతమ్మా. ఏదైనా చేస్తాను."

"రేపటికి వంకాయలు కావాల. బుట్టెడు. ముళ్ళు ఉంటయ్యి, చూసి కొయ్యి."

జసింత వంకాయలు కోసుకొచ్చింది. వేళ్ళకి ముళ్ళు దిగితే అదీ మంచిదే అనుకుంది. ఈ పిల్లతో ఎవరు మాత్రం ఏం చెయ్యగలరు?

జూలై 18న పాకం కాస్త దారికొచ్చింది. అయితే పొద్దున్నే అనాసపండు కోసి పైన పేర్చి పెట్టింది, మధ్యాహ్నం హడావుడి ఉండకూడదని. అనాస నీళ్ళు వదిలింది. మధ్యాహ్నానికి పాకం, బిస్కట్లు, ముక్కలు అన్నీ కలిసి పళ్ళెం అంచు దాటి బల్ల గుడ్డ మీదికి ప్రయాణం కట్టాయి. జసింత మళ్ళీ మోకాళ్ళ మీదికి వంగబోయింది. "నిలబడు!" అని అరిచింది స్కొలాస్తిక. ఆవిడ అలా అరవడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. అరిచాక ఆవిడే కాస్త బిత్తరపోయింది.

మిగిలింది పదమూడు రోజులు. మూడు అర్జీలు ఎప్పుడో వెళ్లిపోయాయి. నాలుగోది స్కొలాస్తిక సొరుగులో ఉంది. జసింత రోజూ ఆ సొరుగు ముందునుంచి వెళ్ళేది, అడిగేది కాదు. అడగకపోవడం కూడా ఒక పుణ్యంగా లెక్కేసుకుంటోందని స్కొలాస్తికకి తెలుసు. అది తెలిసే ఆవిడకి ఇంకా ఒళ్ళు మండేది.

తర్వాతి శనివారం, జూలై 25న, స్కొలాస్తిక ఒక పని చేసింది. ఊరి గుడి చూసుకునే విచారణ గురువు ఫాదర్ ఇన్నయ్యని భోజనానికి పిలిచింది. తీపి కూడా ఉందని కబురు పెట్టింది.

ఫాదర్ ఇన్నయ్య ఎనభై కిలోల మంచి మనిషి. తీపి ఉందంటే ఉపవాసం రోజైనా ఆలోచించే రకం. ఆ రోజు టార్టు చూడడానికి బాగుంది. పాకం గట్టిగా నిలిచింది. పైన నేరేడుపళ్ళు, నల్లగా మెరుస్తూ, వడ్డించే ముందే తుడిచి పెట్టింది. జసింత పళ్ళెం బల్ల మీద పెట్టి గోడకి ఒదిగింది.

ఫాదర్ ఇన్నయ్య కత్తి పెట్టారు. దిగలేదు. లేచి నిలబడి నొక్కారు. సిస్టర్ బెనెదిక్త అటువైపు పళ్ళెం పట్టుకుంది. చివరికి ఒక మూల ఊడి వచ్చింది. అది నోట్లో పెట్టుకున్నాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. దవడలు విడిపడ్డాక నేరేడు గింజ కొరికారు. ఆ చప్పుడు గదంతా వినిపించింది.

"ఎవరు చేశారమ్మా ఇది?" అన్నారు బుగ్గ పట్టుకుని.

జసింత పెదవి కదిపే లోపల స్కొలాస్తిక చెంచా కింద పెట్టింది.

"దేవుడు," అంది.

గదిలో చెంచాలన్నీ ఆగాయి.

"ఎవరూ?" అన్నారు ఫాదర్ ఇన్నయ్య.

"దేవుడే ఫాదర్. అంతా ఆయన మహిమ. ఇంకో ముక్క వేసుకోండి."

ఫాదర్ ఇన్నయ్య టార్టుని చూశారు. గోడ మీద సిలువని చూశారు. మంచినీళ్ళు తాగారు.

"పాకం ఆయనే ముదరబెట్టాడు," అంది స్కొలాస్తిక తాపీగా. "బిస్కట్లు కూడా ఆయనే సరిగ్గా దంచలేదు. ఆ నేరేడుపళ్ళలో గింజలు వదిలేసింది కూడా ఆయనే. మా ఇంట్లో పనులన్నీ ఆయనవే ఫాదర్. మా పద్ధతి అది."

"మదర్," అంది జసింత. గొంతు సన్నగా వచ్చింది. "అలా అనకండి మదర్."

"ఎందుకు అనకూడదు? నేను నేర్పిందే కదా."

"దేవుడి మీద పెట్టకండి!" ఈసారి గొంతు సన్నగా లేదు. ఆ పిల్ల గోడ వదిలి బల్ల దగ్గరికి వచ్చింది. తల ఎత్తే ఉంది. ముఖం ఎర్రగా ఉంది. "అది ఆయన చెయ్యలేదు. నేను చేశాను."

"గింజలు?"

"నేనే. తియ్యాలని తోచలేదు."

"అవునవును," అంది స్కొలాస్తిక. "ఆయనైతే తీసేవాడు."

సిస్టర్ బెనెదిక్త నవ్వింది. ఆవిడ నవ్వగానే కట్టుడు పళ్ళు జారాయి. దాంతో మిగతావాళ్ళూ నవ్వారు. ఫాదర్ ఇన్నయ్య కూడా బుగ్గ పట్టుకునే నవ్వారు. జసింత నవ్వలేదు, ఏడవలేదు, మోకరిల్లలేదు. ఎంగిలి పళ్ళాల వైపు చూస్తూ అక్కడే నిలబడింది. ఏదో లెక్క తప్పు దొరికినవాళ్ళు అలా నిలబడతారు.

అందరూ వెళ్ళాక స్కొలాస్తిక దగ్గరికి వచ్చింది.

"జూన్‌లోది కూడా దేవుడు చెయ్యలేదు మదర్."

"నాకు తెలుసు. నాకు చెప్పి ఏం లాభం?"

జసింత వంటింట్లోకి వెళ్ళింది. ఆగాతమ్మ అంట్లు తోముతోంది.

"ఆగాతమ్మా, బిషప్పుగారు వచ్చిన రోజు నీ పని నేను తీసేసుకున్నాను."

ఆగాతమ్మ తోమడం ఆపలేదు. "తెలుసు. తలుపు ఎనకే ఉన్నా."

"నీ పేరు చెప్పాల్సింది. చెప్పలేదు."

గిన్నె కింద పెట్టింది ఆగాతమ్మ. చేతులు కడుక్కుంది. పమిటతో తుడుచుకుంది. పొయ్యి దగ్గరికి నడిచి, అడుగు మందమైన గిన్నె తీసి పెట్టింది.

"నాలుగు వారాల్నించి చూస్తన్నా, నా కళ్ళు పోతన్నయ్యి. ఇట్టా రా. పంచదార పొయ్యి. సన్న మంట పెట్టు. ఊ. ఇప్పుడు చేతులు ఎనక్కి కట్టుకో."

"ఎందుకు?"

"గరిటె తీస్తావు గనక. కదపమాకు. అదే కరుగుద్ది."

పంచదార అంచుల్లో కరగడం మొదలైంది. జసింత చెయ్యి దానంతటదే గరిటె వైపు వెళ్ళింది. ఆగాతమ్మ ఆ చెయ్యి మీద ఒకటి వేసింది.

"కదపమాకు అన్నానా! గిన్నె పట్టుకుని ఊరికే అటూ ఇటూ వంచు. ఆ, అట్టా. కళ్ళు మూస్తావేంది?"

"ప్రార్థన."

"పాకం అయిం తర్వాత చేసుకుందువు. ముందు చూడు. ఆ రంగు చూశావా? ఇప్పుడు దించు. ఇంకా చూస్తావేందమ్మా, దించు!"

దించింది. మీగడ పోసింది. అది బుస్సుమని పొంగింది. జసింత ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు.

సాయంత్రం స్కొలాస్తిక సొరుగు తీసింది. అర్జీ బల్ల మీద పరిచింది. కలం మూత తీసింది. "ఆరు రోజులుంది. సోమవారం పోస్టులో వేస్తే చేరుతుంది," అంది.

జసింత కాగితం వైపు చూసింది. "బిషప్పుగారు మళ్ళీ ఎప్పుడు వస్తారు మదర్?"

"ఆగస్టు పదిహేను. మరియమ్మ మోక్షారోపణ పండుగకి."

"నేను ఆయనకి ఉత్తరం రాస్తే..." అని ఆగింది. తనే తల అడ్డంగా ఊపింది. "ఉత్తరం ఆయనొక్కరే చదువుతారు. ఆ రోజు గదిలో ఇరవైమంది విన్నారు."

"విన్నారు."

"అయితే సంతకం పదిహేను తర్వాత పెట్టండి మదర్."

"అప్పటికి గడువు దాటిపోతుంది. సెప్టెంబరులో నీ మాటపట్టు ఉండదు."

"తెలుసు."

జసింత తల దించలేదు. "మీకు వీలైతేనే" అని కూడా అనలేదు. స్కొలాస్తిక కలానికి మూత పెట్టింది. జూలై 31 వచ్చింది, వెళ్లింది. ఆ రోజు జసింత గుడిలో ఒంటరిగా కూర్చుని ఏడ్చింది. ఈసారి ఎవరూ చూడలేదు.

ఆగస్టు 15, శనివారం. టార్టు ఆగాతమ్మే చేసింది. బిస్కట్లు దంచింది జసింత. పైన దానిమ్మ గింజలు, బొప్పాయి ముక్కలు, వడ్డించే ముందు పేర్చినవి. జూన్‌లో కూర్చున్నవాళ్ళే మళ్ళీ బల్ల చుట్టూ ఉన్నారు. జసింత పళ్ళెం తెచ్చి పెట్టింది.

"ఓహో, మన జసింత మళ్ళీ చేసిందన్నమాట!" అన్నారు బిషప్పుగారు.

"నేను కాదు బిషప్పుగారూ. ఆగాతమ్మ చేసింది. జూన్‌లో మీరు తిన్నది కూడా ఆవిడ చేసిందే. నేను వంటింట్లోంచి ఇక్కడిదాకా మోసుకొచ్చాను, అంతే."

బిషప్పుగారి చెయ్యి గాల్లో ఆగింది. "మరి ఆ రోజు అడిగితే చెప్పలేదేమ్మా?"

"ఆ రోజు వినయంగా ఉన్నాను," అంది జసింత.

ఎవరో దగ్గారు. బిషప్పుగారు కొంచెం ఇబ్బందిగా కదిలి, "ఇంతకీ ఆగాతమ్మ ఎవరు?" అని అడిగారు.

"తొమ్మిదేళ్లుగా ఈ ఇంట్లో మీరు తింటున్న అన్నం ఎవరు వండారో ఆవిడ," అంది స్కొలాస్తిక.

జసింత వెళ్ళి తలుపు పూర్తిగా తెరిచింది. "రా ఆగాతమ్మా," అంది. ఆగాతమ్మ గుమ్మం దగ్గర కాసేపు తటపటాయించింది. ఇరవై ఏడేళ్లలో అతిథుల ముందు ఆ గడప దాటడం అదే మొదటిసారి. లోపలికి వచ్చి, తడి చేతులు పమిటకి తుడుచుకుంటూ నిలబడింది.

"చాలా బాగుందమ్మా," అన్నారు బిషప్పుగారు.

గదిలో అందరికీ జవాబు తెలుసు. దేవుని మహిమ. ఆ ఇంట్లో వేరే జవాబు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. నోవీసుల పెదవులు అప్పుడే కదిలాయి కూడా.

ఆగాతమ్మ బల్ల మీదికి వంగి టార్టుని పరీక్షగా చూసింది. కోసిన అంచు చూసింది. పాకం నిలిచిన తీరు చూసింది.

"అవునయ్యా," అంది. "బాగా కుదిరింది."

"ఆమెన్," అంది స్కొలాస్తిక.

ఆ సాయంత్రమే ఆవిడ అర్జీ మీద సంతకం చేసింది. గడువుకి పదిహేను రోజులు ఆలస్యం. సెప్టెంబరు పండుగకి ముగ్గురే మాటపట్టు తీసుకున్నారు. వాళ్ళ ముగ్గురి పేర్లూ కాన్వెంటు పుస్తకంలో ఒక్క తేదీ కింద వరసగా ఉన్నాయి. జసింత పేరు తర్వాతి పేజీలో, ఒక్కటే ఉంది. తేదీ 2009 డిసెంబరు 8, మంగళవారం.